కడగని పిడికెడు

ఏలీము దిబ్బ సండే స్కూలు దినచర్య
కట్ట పూర్తయిన 58వ ఏడు
రాస్తున్నది: టీచరు హెప్సీబా

ఫిబ్రవరి 7, ఆదివారం

ఈ పుస్తకంలో హాజరు, పాఠం, ప్రార్థన అంశాలు తప్ప మరేమీ రాయకూడదని నాకు ముందు పనిచేసిన టీచరుగారు మొదటి పేజీలోనే రాసిపెట్టారు. ఆవిడ ఇప్పుడు ప్రభువు దగ్గర ఉన్నారు కాబట్టి నన్ను మందలించలేరు. ఇవాళ రాయకుండా ఉండలేని సంగతి ఒకటి జరిగింది.

హాజరు పద్నాలుగు మంది. పాఠం, నోవహు ఓడలోంచి పావురాన్ని వదలడం. కథ సగంలో ఉండగా కెజియా లేచి నిలబడింది. పంపుహౌసులో పనిచేసే మెర్సమ్మ కూతురు, తొమ్మిదేళ్ళది. కిటికీ పక్కన కూర్చుని, నేను ఒక వాక్యం చెబితే రెండు ప్రశ్నలు వేస్తుంది.

"టీచర్, పిట్ట" అంది.

"అవునమ్మా, పావురం. కూర్చో."

"కాదు టీచర్. బయట."

పదమూడు మందీ కిటికీ మీద పడ్డారు. నేనూ పడ్డాను, అబద్ధమెందుకు. కట్ట మీది ఇనుప చువ్వల వెంబడి వరసగా చిన్న చిన్న పిట్టలు కూర్చుని ఉన్నాయి. గోధుమ రంగు, బొటనవేలంత ఒళ్ళు, కంటి పక్కన తెల్లటి గీత. ఈ పిల్లల్లో ఒక్కరు కూడా బొమ్మలో తప్ప పిట్టను చూసి ఎరగరు. నేను చూసి ముప్పయ్యేళ్ళు దాటింది. మా దిబ్బ చుట్టూ మూడు మైళ్ళ కట్ట, కట్ట అవతల ఎటు చూసినా ఉప్పునీళ్ళు. ఇక్కడ దిగడానికి వాటికి ఏం కనబడిందో తెలియదు.

కెజియా మూడుసార్లు లెక్కపెట్టింది. నలభై మూడు. ప్రార్థన అంశం అడిగితే పిల్లలందరూ ఒకే మాట అన్నారు, పిట్టలు వెళ్ళిపోకూడదని.

ఫిబ్రవరి 10, బుధవారం

వారానికి రెండుసార్లు దీవెనమ్మ పెద్దమ్మతో కలిసి పిడికెళ్ళు పోగుచేయడం నా పని. ఆవిడ మా సంఘానికి బైబిల్ స్త్రీ, ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పే మనిషి, డెబ్బై తొమ్మిదేళ్ళు. మోకాళ్ళు సహకరించవు గానీ నోరు బాగా సహకరిస్తుంది.

పిడికెడు బియ్యం ఆచారం కట్ట కంటే పాతది, ఈ సముద్రం ఊళ్ళమీదికి రావడం కంటే కూడా పాతది. పొయ్యి మీద ఎసరు పెట్టేముందు ఇల్లాలు ఒక పిడికెడు బియ్యం తీసి దేవుని డబ్బాలో వేస్తుంది. మొదటి పిడికెడు, కడగకముందు, చెయ్యి తడవకముందు. ఇంటివాళ్ళ వంతు ఆ తర్వాతే. అలా పోగైన బియ్యాన్ని ఆదివారం గుడి వంటింట్లో కడిగి ప్రేమవిందు వండుతాం. మంచాన పడ్డవాళ్ళకు క్యారేజీలు కడతాం.

కొట్టు నుంచి వచ్చే బియ్యం నీలంగా ఉంటుంది. తొట్లలో పండే వరి మా తేమకు నాలుగు రోజుల్లో పురుగుపడుతుందని పూత వేస్తారు. మూడు నీళ్ళు కడిగితే పోతుంది. మూడో నీళ్ళు తేటగా వస్తేనే ఎసట్లో పోయాలని మా పిల్లలకు నడక రాకముందే తెలుసు. పోగుచేసి తిరిగి వచ్చేసరికి మా ఇద్దరి వేళ్ళూ నీలంగా తయారవుతాయి.

కట్ట దగ్గర పెద్దమ్మ ఆగిపోయింది. పిట్టలు ఇంకా అక్కడే ఉన్నాయి.

"ఎంత దూరాన్నించి వచ్చినయ్యో పాపం. ఏం తింటన్నయ్యో ఏందో" అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "నా చిన్నప్పుడు మా పెరట్లో నూకలు చల్లితే వచ్చి వాలేయి హెప్సీ. ఇయ్యో, ఇంకో రకమో, నాకిప్పుడు ఆనవాలు తెలవట్లా."

నా చేతిలో నిండు సంచి ఉంది. ఆలోచన అక్కడే పుట్టింది.

ఫిబ్రవరి 14, ఆదివారం

హాజరు పద్నాలుగు. పాఠం, గాదెలూ కొట్లూ లేని ఆకాశ పక్షులను పరమతండ్రి పోషించడం.

"ఎలా పోషిస్తాడు? ఆయనే దిగొచ్చి గింజలు చల్లుతాడా?" అని పిల్లలను అడిగాను. "మన చేతులే ఆయన చేతులు" అన్నాను. ఆ మాట నా నోటి నుంచి ఎంత బాగా వచ్చిందంటే నాకే ముచ్చటేసింది. సృష్టిని కాపాడండి అని ఇరవై ఏళ్ళుగా చెబుతున్నాను. కాపాడటానికి తొట్లలో నాచు, పెట్టెల్లో పుట్టగొడుగులు తప్ప ఏమీ లేని చోట ఆ పాఠం చెప్పడం ఎంత చప్పగా ఉంటుందో చెప్పేవాళ్ళకే తెలుసు.

ఆరాధన తర్వాత సంఘం ముందు నిలబడి అడిగాను, పోగైన పిడికెళ్ళలో నాలుగో వంతు పిల్లల చేత పిట్టలకు వేయిద్దామని. ధాన్యం కొట్టు చూసే జెకర్యాగారు సంఘ పెద్ద, కట్ట కమిటీలో కూడా ఉన్నారు. ఆయన లేచారు.

"తొట్లో పంట తగ్గిందని రేషను కోసి నెల కాలేదు. మింగ మెతుకు లేదు గానీ మీసాలకి సంపెంగ నూనె అన్నట్టుంది టీచరుగారి వరస."

అందరూ నవ్వారు. ఆయనకు మీసాలు లేవని నేను అన్నాను, ఇంకా నవ్వారు. పాస్టరు ఏసుపాదం అయ్యగారు మాత్రం పిల్లల మొహాలు చూస్తూ, "దేవుడికిచ్చింది దేవుడి పిట్టలు తింటయ్యి. కానివ్వండి" అన్నారు.

ఫిబ్రవరి 21, ఆదివారం

పిట్టలు దిగాయి. మొదటి రెండు రోజులూ దూరంగా ఉండి చూశాయి. మూడో రోజుకు పిల్లల కాళ్ళ దాకా వచ్చాయి. కెజియా గింజలు విసరదు, వంగి నేల మీద పెడుతుంది. విసిరితే భయపడతాయట.

పాఠం బయటే చెప్పాను. ఇంత బాగా జరిగిన క్లాసు నా జీవితంలో లేదు. అల్లరి పిల్లలు కూడా ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. తర్వాత అందరినీ కొళాయి దగ్గర వరసలో నిలబెట్టి సబ్బుతో చేతులు కడిగించాను. నీలం పోయేదాకా ఎవరూ వేలు నోట్లో పెట్టకూడదని గట్టిగా చెప్పాను. పిల్లల ఆరోగ్యం విషయంలో నేను ఏమరను.

మార్చి 3, బుధవారం

కట్ట కింద ఒక పిట్ట చనిపోయి కనబడింది. పిల్లలు రేకు ముక్కతో గుంట తీసి పాతిపెట్టారు. ప్రార్థన కెజియా చేసింది. దూరం నుంచి వచ్చి అలసిపోయిందని చెప్పాను. నేనూ అదే అనుకున్నాను.

మార్చి 7, ఆదివారం

పందొమ్మిది చనిపోయాయి. ఉన్నవి కూడా రెక్కలు వేలాడేసుకుని కూర్చుంటున్నాయి, దగ్గరికి వెళ్ళినా ఎగరడం లేదు.

ఈస్టరుకు ముందు ఉపవాసాలుండే శ్రమదినాలు నడుస్తున్నాయి. తిండి చాలక నీరసపడ్డాయని పెద్దమ్మ అంటే అందరికీ నిజమే అనిపించింది. చాలా ఇళ్ళలో ఒక పూట ఉపవాసం ఉండి ఆ పూట బియ్యం కూడా డబ్బాలో వేస్తున్నారు. ఆ బియ్యమంతా పిట్టలకే. కెజియా గురువారం నుంచి రాత్రి అన్నం మానేసిందని మెర్సమ్మ చెప్పింది.

హాజరు పదకొండు. పాఠం ఏం చెప్పానో గుర్తులేదు. అందరూ వెళ్ళాక కెజియా గుమ్మం దగ్గర ఆగింది. వేళ్ళు గోళ్ళ దాకా నీలంగా ఉన్నాయి.

"టీచర్, కయీను కూడా పంటే తెచ్చాడు గదా."

"అవును."

"దేవుడు తీసుకోలా. మాది కూడా అట్టాంటిదేనా? నా మనసులో ఏదన్నా చెడ్డది ఉందా?"

లేదమ్మా, నీ మనసు మంచిదని దగ్గరికి తీసుకున్నాను. పిల్ల నా చీర కుచ్చిళ్ళలో మొహం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. ఆకలి వాసన వస్తోంది పిల్ల నోటి నుంచి.

మార్చి 9, మంగళవారం

రాయాలంటే చెయ్యి రావడం లేదు, అయినా రాస్తాను.

పొద్దున ఇంట్లో బియ్యం కడుగుతున్నాను. మొదటి నీళ్ళు ముదురు నీలం. పారబోశాను. రెండో నీళ్ళు లేత నీలం. గిన్నె వంచుతుంటే కెజియా వేళ్ళు గుర్తొచ్చాయి. కొళాయి దగ్గర పిల్లల వరస గుర్తొచ్చింది. నీలం పోయేదాకా నోట్లో పెట్టొద్దని అరుస్తున్న నా గొంతు నాకే వినబడింది.

గిన్నె అక్కడే వదిలేసి కొట్టుకు నడిచాను. జెకర్యాగారు తూకం దగ్గర ఉన్నారు. ఆ పూత పిట్టలనేం చేస్తుందని అడిగితే ఆయన చేతిలో కాటా రాయి అలాగే ఉండిపోయింది.

"పురుగును చంపే మందే గదమ్మా అది. మనిషైతే ఒకటీ అరా నమిలినా తట్టుకుంటాడు. బొటనవేలంత జీవానికి వారం చాలు." రాయి కింద పెట్టి, "ఆ రోజు గుళ్ళో నేను బియ్యం పోతయ్యనే చూశా గానీ పిట్టలు పోతయ్యని చూళ్ళేదు. పూత వేయించేది నేనే, నాకు తట్టొద్దా?" అన్నారు.

మా ఇళ్ళలో ఏ మనిషికీ కడగని గింజ పెట్టం. దేవుడికి మాత్రం కడగకుండానే తీస్తాం, అదే భక్తి. గుడి వంటింట్లో ఎవరో ఒకరు కడుగుతారు కాబట్టి ఇన్నేళ్ళూ ఏమీ కాలేదు. పిట్టల దాకా వచ్చేసరికి మధ్యలో కడిగే మనిషి లేదు. పదకొండు వందల మంది ఉన్న దిబ్బలో ఒక్కరికీ ఆ సంగతి తోచలేదు. అందరి కంటే ముందు తోచాల్సింది నాకు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు పరుగెత్తి గింజలన్నీ ఊడ్పించాను. బతికి ఉన్నవి పద్దెనిమిది.

మార్చి 10, బుధవారం

అయ్యగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన మంచివారు, ఈ మాట కోపంతో రాయడం లేదు.

"పిల్లలకి చెప్పమాకండి టీచరుగారూ. వలసలో అలిసిపోయినయ్యని అన్నారుగా, అదట్టాగే ఉండనివ్వండి. కొన్ని అట్టా కూడా పోయుంటయ్యి, అబద్ధం కాదు. ఉపవాసం ఉండి మరీ పెట్టారు పిల్లలు. మీరు పెట్టింది విషమని చెబితే ఇక జన్మలో ఎవరికన్నా ఏమన్నా పెడతారా?"

"కెజియా తన మనసు చెడ్డదనుకుంటోంది అయ్యగారూ. కయీను అర్పణ అనుకుంటోంది."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఆ పిల్లతో విడిగా మాట్లాడండి. సంఘం ముందు మాత్రం వద్దు. ఈ ఆచారం మీద నమ్మకం పోతే మంచాన పడ్డవాళ్ళకి క్యారేజీ ఎక్కణ్ణించొచ్చుద్ది?"

ఇంటికొచ్చి మోకాళ్ళ మీద ఉన్నాను. నిజం చెప్పాలంటే ప్రార్థన చేయలేదు. మంచి టీచరన్న పేరు పోతుందన్న భయమే గంటసేపు పట్టుకుంది నన్ను.

మార్చి 14, ఆదివారం

సాక్ష్యాల సమయంలో లేచాను. సాక్ష్యమంటే మా దగ్గర రోగం తగ్గడం, కరెంటు కోత రోజున పంపు ఆగకుండా ఉండటం, ఇలాంటివి చెప్పుకుంటారు. అందరూ చప్పట్లకు సిద్ధంగా ఉన్నారు.

పిల్లలు ముందు వరసలో చాప మీద ఉన్నారు. పెద్దలను చూడకుండా వాళ్ళనే చూసి చెప్పాను.

"పిట్టలు అలసిపోయి చనిపోలేదు. మన బియ్యం మీది పూత తిని చనిపోయాయి. మీ చేతులు కడిగించాను, వాటికి పెట్టేది కడిగించలేదు. తప్పు మీది కాదు, నాది. మీ అర్పణలో ఏ చెడూ లేదు. దేవుడు మీ మీద కోపంగా లేడు. ఆ నీలం మంచిది కాదని నాకు తెలుసు. తెలిసి కూడా ఆలోచించలేదు. పెట్టడమే ప్రేమ అనుకున్నాను. క్షమించండి."

చప్పట్లు లేవు. వెనక ఒకామె ఏడుస్తోంది. ఒకాయన లేచి, అంతా ప్రభువు చిత్తం, టీచరమ్మ అంత బాధపడనక్కర్లేదు అన్నాడు. అయ్యగారు ఆయన్ను చేత్తోనే ఆపారు.

"ప్రభువు మీదికి నెట్టొద్దు బ్రదర్. టీచరుగారు చెబుతానంటే వద్దన్నవాణ్ణి నేను. అది కూడా ఇక్కడే చెప్పుకోవాలి గదా."

పెద్దమ్మ కుర్చీలోంచే గొంతెత్తింది. "నీరసపడ్డయ్యి, ఇంకాస్త వెయ్యండన్న ముసల్దాన్ని నేనే."

నేను పిల్లలను చూస్తున్నాను. చాలామంది మొహాలు తేలికపడ్డాయి. కెజియా మాత్రం లేచి, నా వైపు చూడకుండా, చెప్పులు వేసుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

మార్చి 18, గురువారం

పంపుహౌసు మేడమీద వాళ్ళ ఇల్లు. మెర్సమ్మ టీ పెట్టి పనికి వెళ్ళింది. కెజియా మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. రాత్రి అన్నం మళ్ళీ తింటోందట, అంతవరకు నయం.

గోడతోనే మాట్లాడింది. "తెలిసి కూడా ఆలోచించకపోతే, తెలీనట్టా టీచర్, తెలిసినట్టా?"

"తెలిసినట్టే" అన్నాను.

"మరి దేవుడు క్షమిస్తాడా?"

"క్షమిస్తాడు. పిట్టలు మాత్రం తిరిగి రావు."

ఇలాంటి మాట పిల్లతో అనకూడదేమో. కానీ ఆ మాటకే ఇటు తిరిగింది. లేచి కూర్చుని టీ గ్లాసు నా చేతిలోంచి తీసుకుని రెండు గుక్కలు తాగింది.

"ఆ పిట్ట పేరేంది టీచర్?"

తెలియదన్నాను. నిజంగానే తెలియదు. ప్రశ్నలకు జవాబు చెప్పే బడి పలకను అడిగి చూశాం. "ఈ జీవి దిబ్బ పట్టీలో లేదు" అని మూడుసార్లు అదే చెప్పింది. పట్టీలో మాకు పనికొచ్చేవి మాత్రమే ఉంటాయి.

కెజియా మొహంలో పాత కెజియా కొంచెం కనబడింది. "ఆదాము దగ్గరికి దేవుడు జంతువులన్నిట్నీ తీసకొచ్చాడు గదా. అప్పుడు ఏం పెట్టమన్నాడు?"

"పెట్టమనలేదు. పేర్లు పెట్టమన్నాడు."

"పేరు పెట్టాలంటే చూడాల గదా. చానాసేపు చూడాల. మనం ముందే గింజలు పట్టుకుపోయాం."

నలభై ఏళ్ళుగా ఆ కథ చదువుతున్నాను. తోటలో మనిషికి అప్పజెప్పిన మొదటి పనుల్లో ఒకటి ఊరికే చూడటమని ఈ పిల్ల చెబితే గానీ నాకు తెలియలేదు. సిగ్గేసింది, సంతోషం కూడా వేసింది.

మార్చి 28, ఆదివారం

హాజరు పద్నాలుగు. పది రోజులుగా పాఠం ఒకటే. పిల్లలు జతలు జతలుగా కట్ట కింద కూర్చుని పిట్టలను చూస్తారు. పెట్టడం లేదు, పిలవడం లేదు, తరమడం లేదు. చూసింది పలక మీద రాస్తారు. మొదటి రోజు సగం మంది నిద్రపోయారు. ఒకడు మేఘాలను చూసి రాశాడు.

ఇప్పుడు పదిహేను పిట్టలున్నాయి, అన్నీ ఎగురుతున్నాయి. వాటి తిండి మా బియ్యం కాదు. కట్ట వాలులో ఉప్పుగడ్డి పెరుగుతుంది, దాని కంకుల్లో నువ్వు గింజలో సగం ఉండే గింజలుంటాయి. పిట్ట గడ్డిపోచ పట్టుకుని వంగేదాకా ఊగి, కంకి నేల తాకాక కాలితో తొక్కిపట్టి తింటుంది. అందుకే దిగాయి మా దగ్గర. మేము విందు పెట్టకముందే వాటి విందు అక్కడుంది.

ఇంకో సంగతి కూడా పిల్లలే రాశారు. మంగళవారం కోత యంత్రం కట్ట మీద తిరుగుతుంది. బుధ, గురువారాల్లో పిట్టలు ఆకలితో చువ్వల మీద కూర్చుంటాయి. ఈ వారం కోత తర్వాత మూడు ఎగిరి సముద్రం వైపు వెళ్ళి తిరిగి రాలేదు.

"పొలం అంచులు కోయొద్దని ధర్మశాస్త్రంలో ఉంది గదా టీచర్, బీదోళ్ళకీ పరదేశులకీ వదిలెయ్యమని. ఇయ్యి పరదేశులే గదా" అంది కెజియా.

మార్చి 30, మంగళవారం

కట్ట కమిటీ ముందుకు పిల్లలను తీసుకెళ్ళాను. కోత ఊరికే కోయరు. గడ్డి పొట్టిగా ఉంటేనే కట్టలో ఊట ఎక్కడ మొదలైందో కెమెరాకు కనబడుతుంది. ఊట కనబడకపోతే దిబ్బ ఉండదు, మేమూ ఉండం. ఈ సంగతి పిల్లలకు ముందే చెప్పి తీసుకెళ్ళాను. తెలిసినదాన్ని మళ్ళీ మరిచిపోదలచుకోలేదు.

కెజియా పలక చూసి చదివింది. ఎప్పుడు ఎన్ని పిట్టలు, ఏ గడ్డి, కోత తర్వాత ఎన్ని వెళ్ళాయి. చివరికి, "నలభై అడుగులు కోయకుండా వదిలెయ్యండి" అంది.

జెకర్యాగారు గడ్డం గోక్కున్నారు. "నీళ్ళకి పిట్టల మీద జాలి ఉండదమ్మా. పొడుగ్గడ్డిలో ఊట పుడితే ఎవరు చూసేది?"

"మేం చూస్తాం. గడ్డి పాయలు తీసి చేత్తో తడిమి."

"రోజూ?"

"రోజూ."

"ఆదివారం కూడా?"

కెజియా నా వైపు చూసింది. నేను తలూపాను. కమిటీ గంటసేపు వాదించుకుంది. చివరికి పంపుహౌసు పక్కన, కట్ట అన్నిటికంటే మందంగా ఉన్నచోట, ముప్పై అడుగులు ఇచ్చారు. ఒక్క పూట తడమకపోయినా యంత్రం వస్తుందని రాయించుకుని పిల్లలందరి చేతా సంతకం పెట్టించారు. జెకర్యాగారు తన సంతకం కూడా కింద పెట్టారు. ఎందుకని అడిగితే, "పిల్లలకి జ్వరమొచ్చిన పూట ఎవరో ఒకరు తడమాలిగా" అన్నారు.

ఏప్రిల్ 18, ఆదివారం

మొన్న ఈస్టరు రోజున కూడా పిల్లలు తెల్లవారు ఆరాధనకు మోకాళ్ళ దాకా మట్టితో వచ్చారు. ఎవరూ ఏమీ అనలేదు.

ఇవాళ పొద్దున కెజియా జత రాలేదు, జలుబు. నేను వెళ్ళాను. గడ్డి మోకాలెత్తు పెరిగింది. దాని మధ్య మోకాళ్ళ మీద పాకుతూ, పాయలు తీసి, అరచేతితో నేలను తడుముకుంటూ పోవాలి. ముప్పై అడుగులకు గంట పట్టింది. నా నడుము పట్టేసింది. పొడిగానే ఉంది నేల.

చివర ఆగి కూర్చున్నాం. పిట్టలు తొమ్మిదే మిగిలాయి. మిగతావి ఎటు వెళ్ళాయో, బతికాయో లేదో తెలియదు. పిల్లలు ఇంకా పేరు పెట్టలేదు. చూసింది సరిపోలేదంటున్నారు.

వాటిలో ఒకటి మాకు చేయి చాచినంత దూరంలో గడ్డిపోచ మీద వాలింది. ఒక రెక్క సరిగ్గా ముడవలేకపోతోంది. పూత తిని బతికినదే అయి ఉంటుంది. పోచ వంగడం లేదు, పిట్టకు బరువు లేదు. కంకి అందక జారి, మళ్ళీ ఎక్కి, మళ్ళీ జారింది. కాస్త వంచితే అందుతుంది. నా చెయ్యి దానంతటదే లేచింది.

కెజియా నా మణికట్టు పట్టుకుంది. చిన్న చెయ్యి, మట్టి చెయ్యి, గట్టిగా పట్టుకుంది. కళ్ళు మూసుకుని, పిట్ట బెదరకుండా గొంతు తగ్గించి ప్రార్థన మొదలుపెట్టింది.

"ప్రభువా, దానికేం కావాలో మాకింకా సరిగ్గా తెలవదు. తెలిసేదాకా మా చేతులు పట్టుకో."

నేను మెల్లగా ఆమేన్ అని చెయ్యి దించాను. పిట్ట మూడోసారి ఎక్కుతోంది. మేమిద్దరం కదలకుండా కూర్చున్నాం.